మన అడవులను తీర్చిన వారెవరు?

మా పాఠశాల విద్యార్థులను 'అడవులు' అను విషయముపై వ్యాసము వ్రాయుమన్నచో, ఇంచుమించు అందరును ఒకే తీరున ప్రారంభింతురు. అడవి ప్రకృతి ఇచ్చిన వరమనియు, మానవుడు దానిని నరికి పాడుచేయుచున్నాడనియు వ్రాయుదురు. ఆ వాక్యమునకు మేము మార్కులు ఇచ్చుచునే యున్నాము. అందు సత్యము లేకపోలేదు. అయినను ప్రకృతి ఇచ్చుటకును, మానవుడు నరుకుటకును నడుమ ఒక పెద్ద అధ్యాయము జారిపోయినది. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

వానలు కురిసినవి, నేల తడిసినది, చెట్లు మొలచి అడవి యయ్యెను. పిమ్మట గొడ్డలి పట్టిన మానవుడు వచ్చెను. బాలురు కథను ఇట్లు ఊహింతురు. కాని అడవిలోనే పుట్టి, అడవిలోనే బ్రతికి, అచ్చటనే గిట్టిన జనులు వేల యేండ్లుగా ఉండిరి. వారు దేనిని కాల్చిరి, దేనిని నరికిరి, దేనిని ముట్టక విడిచిరి, ఏ పండు తిని ఏ గింజను ఎచ్చట పారవైచిరి అనుదానికి నేటి అడవితో సంబంధము కలదు. ఒక అడవిలో ఏయే జాతుల చెట్లు ఎంతెంత పాలున ఉన్నవో దానిని 'అడవి కూర్పు' అని ఈ వ్యాసమున పిలుతుము. ఆ కూర్పునకు వానయు, నేలయు, ఎత్తును కారణములే. మనుష్యుల చేతులును కారణములే. రెండవ మాటను మన పాఠ్యపుస్తకములు చెప్పుట అరుదు.

ఇది నమ్మశక్యముగా లేని వారు దూరము పోనక్కరలేదు. బెళ్ళందూరు చుట్టుపట్ల, సర్జాపురము వైపునను తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబములు కలవు. ఆ ఇండ్లలోని వృద్ధులకు 'గుండుతోపు' అను మాట బాగుగా తెలియును. ఊరికి ఉమ్మడిగా ఉండు తోపు అది. మామిడి, పనస, నేరేడు, చింత, కానుగ, మర్రి మొదలగు చెట్లను పెంచి, బాటసారులకు నీడగను, ఊరివారికి పండ్లుగను, పశువులు నిలువ చోటుగను వాడుకొనుచుండిరి. చాల తోపులు నేడు రోడ్ల క్రిందను, కట్టడముల క్రిందను పోయినవి. మిగిలిన తోపును చూచిన క్రొత్తవాడు దానిని పాత అడవి ముక్క యని తలచును. తోపు నాటినదని మనకు తెలియుటకు కారణము, నాటినవారి మనుమలు ఇంకను మన నడుమ ఉండుటయే. నాటినవారి ఊసు మరపున పడిన చోట తోపును అడవి యనియే పిలుతురు.

ఇక నిప్పు సంగతి. బెళ్ళందూరు పిల్లలకు మంట యనగానే చెరువు జ్ఞాపకము వచ్చును. మురుగు నురుగుతో నిండిన మన చెరువుపై 2015లోను, 2017లోను, 2018లోను మంటలు లేచిన సంగతి దేశమంతయు వినినది. నీటిపై నిప్పును చూచిన పిల్లలకు నిప్పనిన భయమును, రోతయు కలుగుట సహజము. అందుచేత అడవి మేలునకై అడవిలో నిప్పు పెట్టువారు కలరని చెప్పినచో మా విద్యార్థులు నవ్వుదురు. నవ్వకుండ వినవలసిన వృత్తాంతము మనమున్న ఈ కర్ణాటకముననే కలదు.

చామరాజనగర జిల్లాలో పడమటి కనుమలకును తూర్పు కనుమలకును వంతెనవలె బిళిగిరి రంగన బెట్ట యను కొండలవరుస ఉన్నది. సుమారు 540 చదరపు కిలోమీటర్ల అరణ్యము. అచ్చటి మూలవాసులు సోలిగలు. వారి పల్లెను 'పోడు' అందురు. పురాణి పోడు, హొస పోడు అనునవి వారి పల్లెల పేర్లు. తెలుగున పోడనగా కొండవాలున చెట్లు నరికి, కాల్చి చేయు సేద్యము. సోలిగలును పూర్వము అట్టి సేద్యమే చేసి రాగులు మొదలగువానిని పండించిరి. భాషాభిమానులగు మన సంఘ సభ్యులు ఈ మాటను గమనింతురు గాక.

సోలిగలు ఏటేట 'తరగు బెంకి' పెట్టుచుండిరి. తరగనగా రాలిన ఎండుటాకు, బెంకి యనగా నిప్పు. శీతాకాలము వెళ్ళుచుండగా, జనవరి ఫిబ్రవరి నెలలలో, నేలలో ఇంకను కొంత చల్లదనము ఉన్నప్పుడే ఎండుటాకునకు నిప్పు ముట్టింతురు. ఆ మంట ఎత్తుగా లేవదు. ఆకులను, ఎండుగడ్డిని తినుచు నేలవెంట ప్రాకి చల్లారిపోవును. దళసరి బెరడు గల పెద్ద చెట్లకు దానివలన అంతగా హాని కలుగదు. కాలిన చోట లేతగడ్డి మొలచును. దానికై కడుతులు, అడవిదున్నలు వచ్చును. కాలిబాటలు తేటపడును, పిడుదులు చచ్చును. ఏటేట కొంచెము కొంచెము కాలుటచేత ఎండుటాకు పేరుకొనదు. పేరుకొనిన ఆకునకు ఏప్రిల్, మే నెలల ఎండలో నిప్పంటుకొన్నచో అది కొమ్మలకెక్కి మాకులను మాడ్చివేయును. చిన్న మంట పెద్ద మంటను ఆపునని సోలిగల యెరుక.

అంతటితో ఆగక వారు మరియొక సూక్ష్మమును చెప్పుదురు. ఉసిరిచెట్లపై బదనిక పట్టుట మనలో చాలమంది చూచియేయుందురు. బదనిక తన వేళ్ళను చెట్టు కొమ్మలో దిగవేసి, దాని రసమును పీల్చి బ్రతుకును. సోలిగలు దానిని 'ఉప్పిలు' అందురు. తరగు బెంకి ఉన్న కాలమున ఉప్పిలు ఇంతగా లేదనియు, నిప్పు ఆగిన పిదపనే అది ఉసిరిచెట్లను చంపుచున్నదనియు వారు చెప్పిరి. ఉసిరికాయలను సేకరించి అమ్ముట వారి జీవనాధారములలో ఒకటి గనుక, ఈ చెట్టు సంగతి వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియుట కష్టము. పరిశోధకులు ఈ మాటను కొట్టివేయక, అడవిలో లెక్కలు తీసి, 2010 ప్రాంతమున శాస్త్ర పత్రికలలో చర్చించిరి.

నిప్పు ఎందుకు ఆగెను? 1974లో ఆ కొండలను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. వేట నిషేధింపబడెను, పోడు నిషేధింపబడెను, నిప్పును నిషేధింపబడెను. అడవిలో అక్కడక్కడ ఉండిన కుటుంబములను స్థిరమైన పల్లెలలోనికి చేర్చిరి. అడవిని కాపాడవలెనను సదుద్దేశముతోనే ఇదంతయు జరిగినది. తరువాత అడవి పూర్వమువలె ఉండిపోయెనా? ఉండలేదు. లాంటానా వచ్చి పడినది.

లాంటానా యనగా మన ఊళ్ళలో తలంబ్రాల చెట్టనియు, పులికంప యనియు పిలుచు పొద. ఎరుపు, పసుపు కలిసిన చిన్న పూల గుత్తులు పూయును. అమెరికా ఖండపు మొక్క. 19వ శతాబ్దపు ఆరంభమున తోటల అలంకారమునకై తెల్లవారు దీనిని మన దేశమునకు తెచ్చిరి. తోట దాటి అడవికెక్కినది. బిళిగిరి కొండలలో బెంగుళూరు పరిశోధన సంస్థయగు ఏట్రీకి చెందిన శాస్త్రజ్ఞులు అడవిని గళ్ళుగా విభజించి పరిశీలించిరి. 1997లో నూటికి దాదాపు నలుబది గళ్ళలో లాంటానా ఉండెను. 2008 నాటికి దాదాపు ఎనుబది గళ్ళకు వ్యాపించెను. దట్టమైన ఆ పొదల క్రింద గడ్డి మొలవదు, చెట్ల మొలకలును పైకి రాలేవు. ముసలి చెట్లు పడిపోయిన నాడు వాని స్థానమున నిలుచుటకు పిల్ల చెట్లు లేనిచో అడవి కూర్పు ఏమగునో చదువరులు ఊహింపగలరు.

నిప్పు మానుట ఒక్కటే దీనికి కారణమని చెప్పుట సాహసమగును. పక్షులు లాంటానా పండ్లు తిని గింజలను దూరదూరములకు మోయుచున్నవి. కరవులును, పశువుల మేతయు ఉన్నవి. ఒకసారి లాంటానా నిండిన అడవిలో నిప్పు పెట్టినచో అది మునుపటి తరగు బెంకివలె సాధువుగా మండదు. అందుచేత పాత అలవాటును నేడు యథాతథముగా మరల మొదలుపెట్టుటయు తేలిక కాదు. కాని ఒక్క విషయము స్పష్టము. 1974లో అధికారులు చూచి ముచ్చటపడి కాపాడదలచిన అడవి, సోలిగల చేతిలో తీరిన అడవి. ఆ చేతిని తొలగించి, ఆ అడవి మాత్రము అట్లే ఉండవలెనని కోరిరి.

ఇప్పుడు మన తెలుగునాటికి వత్తము. పాపికొండల ప్రాంతము, రంప, భద్రాచలము, శ్రీకాకుళము కొండలు, ఇవన్నియు కొండరెడ్లు, కోయలు, కొండదొరలు, సవరలు మొదలగువారి నివాసములు. వారి పోడు సేద్యమును గూర్చి మైదానమున తిట్టనివారు లేరు. తిట్టుటకు ముందు అది జరుగు విధమును తెలిసికొనుట మంచిది.

చలికాలమున కొండవాలున కొంత మేర ఎన్నుకొని చెట్లు నరుకుదురు. వేసవి వరకు ఎండనిచ్చి కాల్చుదురు. తొలకరికి ఆ బూడిదలో సామలు, కొర్రలు, జొన్నలు, కందులు, చోళ్ళు కలగలుపుగా చల్లుదురు, లేదా కఱ్ఱతో గుంటలు చేసి విత్తుదురు. నాగలి పెట్టరు. రెండు మూడేండ్లు పండిన పిమ్మట ఆ చోటు విడిచి వేరొక చోటికి పోవుదురు. విడిచిన నేల మరల అడవి యగును. ఇచ్చట మనము గమనింపవలసినవి రెండు. మొదటిది, వారు చెట్లను వేళ్ళతో పెకలింపరు. మోకాలెత్తు మోడు విడుతురు. కావున ఏ జాతి చెట్టు మోడునుండి గట్టిగా పిలకలు వేయగలదో ఆ జాతియే మరల ముందుగా లేచును. వెదురును ఇట్టి చోట్ల త్వరగా అల్లుకొనును. పలుమారులు ఇట్లు జరిగిన కొండపై పిలక వేయు జాతులు పెరిగి, వేయలేనివి తగ్గిపోవును.

రెండవది, వారు అన్ని చెట్లను నరుకరు. ఇప్ప, చింత, మామిడి, పనస, జీలుగు ఇత్యాదులను విడిచిపెట్టుదురు. ఇప్పచెట్టును చూడుడు. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున పూలు రాలును. ఆ తీయని పూవు ఎండబెట్టిన నిలువయుండు ఆహారము, గింజ నూనె, పూవునుండి సారాయియు అగును. పంట చేతికందని నెలలలో ఇప్పపూవు కోయలకును, గోండులకును కడుపు నింపినది. ఏ చెట్టు పూవును ఏ ఇంటివారు ఏరుకొనవలెనో పల్లెలో అందరికిని తెలిసియుండును. పూలు ఏరుటకు వీలుగా చెట్టు క్రింది ఆకును కాల్చి నేలను శుభ్రపరచుదురు. అట్టి చెట్టును ఎవరు నరుకుదురు? చుట్టునున్న చెట్లు తరతరమునకు కొట్టుపడుచుండగా ఇప్ప మాత్రము నిలిచి, గింజ రాల్చి, పిల్లలను పెంచినది. నేడు ఆదిలాబాదు, గోదావరి ప్రాంతపు అడవులలో ఇప్ప సమృద్ధిగా కానవచ్చుటకు వానయు నేలయు మాత్రమే కారణములని చెప్పువారు ఈ సంగతిని మరచుచున్నారు.

జీలుగుచెట్టు కథ మరింత విచిత్రము. తాటిజాతికి చెందిన చెట్టు. ఆకులు మాత్రము చేపతోకవలె చీలియుండును. దీని కల్లును, మానులోని పిండిని కొండరెడ్లు తిండిగా వాడుకొనుచుండిరి. 1940 ప్రాంతమున హైదరాబాదు రాజ్యపు కొండలలో తిరిగిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫు, కొండరెడ్లను గూర్చి 1945లో గ్రంథము ప్రకటించెను. వేసవిలో వారికి జీలుగు కల్లే ఆహారమగుటను అందు వర్ణించెను. మైదానమువారికి కల్లు మత్తుపదార్థము. కొండవారికి అది అన్నము. దొరతనమువారు ఈ భేదమును గ్రహింపలేదు. కల్లుపై పన్నులును, నిర్బంధములును విధింపగా, 1879లో రంప కొండలలో లేచిన తిరుగుబాటునకు అదియొక ముఖ్య కారణమయ్యెను. చెట్టును కాపాడుకొనుటకై జనులు తుపాకులకు ఎదురు నిలిచిరన్నమాట. 1882లో మదరాసు అటవీ చట్టము వచ్చి పోడును, నిప్పును మరింత బిగించినది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమున ఆ బిగింపుపై కొండవారికి గల కసి ఎంతగా పని చేసెనో మన పిల్లలు చరిత్ర పాఠమున చదువుచునే యున్నారు. చరిత్ర పాఠమును, వృక్షశాస్త్ర పాఠమును ఒకే కొండపై జరిగినవని మాత్రము వారికి ఎవరును చెప్పరు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. పోడు వలన అడవి నశింపలేదా, కొండమట్టి కొట్టుకొని పోలేదా యని. కొన్ని చోట్ల నశించినది, కాదనుటకు వీలులేదు. విడిచిన నేలకు పదునైదు ఇరువది యేండ్ల విశ్రాంతి దొరకినప్పుడు అడవి తిరిగి లేచును. జనము పెరిగి, మంచి అడవి ప్రభుత్వ వశమై, మిగిలిన కొద్ది వాలునే మూడు నాలుగేండ్లకొకమారు కాల్చవలసి వచ్చినప్పుడు మోడులోని జీవము ఉడిగిపోవును. తప్పు పోడుదా, పోడునకు చోటు తగ్గించినవారిదా యని నిదానముగా ఆలోచింపవలెను. మా అభిప్రాయము రెండవదాని వైపు మొగ్గును. అడవిశాఖవారు తమవంతుగా కొండలపై వరుసలు తీర్చి టేకును, నీలగిరిని నాటిరి. చెట్టు చెట్టునకు సమానమైన ఎడము గల టేకు తోటను గూడ విహారయాత్రలలో మన పిల్లలు అడవి యనియే అనుకొందురు.

నల్లమల చెంచుల రీతి వేరు. వారు చిరకాలము సేద్యము లేకయే దుంపలు త్రవ్వుకొని, పండ్లు, తేనె, బంక సేకరించి, వేటాడి బ్రతికిరి. వారి మాతృభాష తెలుగే. వారి చిన్న పల్లెను 'పెంట' అందురు. అప్పాపురము పెంట, మల్లాపురము పెంట యని. సేద్యము లేనివారు అడవిని మార్చలేదనుకొనరాదు. మనుష్యులు పండ్లు తెచ్చి తిన్న చోట గింజ పడును. బూడిదయు, పెంటయు పడిన చోట మట్టి బలియును. బలిసిన మట్టిలో ఆ గింజ మొలచును. ఊరు పాడుపడినను చింతచెట్టు నిలుచునని మన పల్లెలలో ఎరుగనివారెవరు?

సీతాఫలమును గూర్చి ఒక మాట చెప్పి ముందుకు పోవుదుము. తెలంగాణపు గుట్టలపై దానంతట అది పెరిగినట్లు ఎచ్చట చూచినను కనబడును, పేరు సీతమ్మవారిది. అయినను వృక్షశాస్త్రజ్ఞులు దాని పుట్టిల్లు అమెరికా యనియు, పోర్చుగీసువారి రాక తరువాతనే మన దేశమున వ్యాపించినదనియు చెప్పుదురు. చింత యును ఆఫ్రికా ఖండమునుండి అతి ప్రాచీన కాలమున వచ్చినదే. ఒక గింజను మన అడవి ఎంతలో తనదిగా చేసికొనగలదో, ఆ గింజను మోసినవానిని మనము ఎంతలో మరతుమో ఈ రెండు చెట్లే చెప్పుచున్నవి.

ఇంకను వెనుకకు పోయినచో బూడిదదిబ్బలు కలవు. పూర్వపు మహబూబునగరము జిల్లా ఉట్నూరునందును, అనంతపురము జిల్లా పాలవాయి యందును, బళ్ళారి వైపు కుప్పగల్లునందును, కల్యాణ కర్ణాటక ప్రాంతపు బూదిహాళునందును ఇట్టి దిబ్బలను శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. బూదిహాళు పేరులోనే బూది యున్నది. హంపీ దగ్గరి నింబాపురపు దిబ్బ వాలిని దహనము చేసిన చోటని జనుల నమ్మకము. 1957లో రేమండ్ ఆల్చిన్ అను ఆంగ్ల పురాతత్వవేత్త ఉట్నూరు దిబ్బను త్రవ్వించి, అవి నవీన శిలాయుగపు పశుపాలకుల ఆలమందల దొడ్లనియు, పేరుకొనిన పేడను వారు మరల మరల కాల్చుటచేత ఆ బూడిద ఏర్పడినదనియు చూపెను. క్రీస్తు పూర్వము 3000 మొదలు 1200 వరకు, అనగా రమారమి రెండు వేల యేండ్లు, దక్కను పీఠభూమిపై ఈ మందలు తిరిగినవి. దొడ్డికి గుంజలు కావలెను, వంటకు కట్టెలు కావలెను, మందకు గడ్డి కావలెను. ఆ వెనుక వచ్చిన ఇనుప గొడ్డళ్ళను, చెరువుల సేద్యమును, రాజ్యముల యుద్ధములను కలుపుకొన్నచో, రాయలసీమ ముళ్ళ అడవిని వాన తక్కువ వలన మాత్రమే ఏర్పడినదని చెప్పుట సగము మాట యగును.

పాత ఊరి దిబ్బను మన రైతులు 'పాటిదిబ్బ' యందురు. అందలి మట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుకొందురు, ఎరువుగా. ఇట్టి పాటిమన్నే దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవిలోను దొరకుట ఆశ్చర్యకరము. ప్రపంచములో మనుష్యుడు తాకని అడవికి ఉదాహరణముగా మా తరమువారికి అమెజానునే చెప్పిరి. నదీతీరములందు బొగ్గును, కుండపెంకులును, ఎముకలును కలిసిన నల్లని సారవంతమైన మట్టి అచ్చట విస్తారముగా కలదు. అది పూర్వజనుల ఊళ్ళ ఆనవాలు. ఆ అడవిలో సుమారు 16,000 జాతుల చెట్లుండవచ్చుననియు, వానిలో 227 జాతులే మొత్తము చెట్లలో సగముగా ఉన్నవనియు 2013లో అంచనా వేసిరి. తరువాత 2017లో మరియొక పరిశోధన వెలువడెను. పూర్వజనులు తమకు పనికివచ్చునట్లు మచ్చిక చేసికొన్న 85 జాతుల చెట్లను లెక్కింపగా, వానిలో 20 జాతులు ఈ అధిక సంఖ్యాకములలో చేరియుండెను. మచ్చిక కాని జాతులకంటె వీనికి ఆ స్థానము దక్కు అవకాశము ఐదు రెట్లు అధికము. కోకో, బ్రెజిలు గింజ, రబ్బరు అట్టి చెట్లే. పాత ఊళ్ళ చోటులకు దగ్గరగా పోయినకొలది ఈ జాతుల పాలు పెరుగుచుండెను. ఉపయోగపడు చెట్లున్న చోటనే జనులు ఊరు కట్టుకొనియుండవచ్చును గదా యని అడుగవచ్చును. అదియు కొంత నిజమే కావచ్చును. పరిశోధకులును ఆ మాట తలపెట్టకపోలేదు. 1492 తరువాత ఐరోపావారు తెచ్చిన అంటువ్యాధులచేత ఆ జనులలో ఎక్కువమంది నశించిరి, ఊళ్ళు అడవిలో కలిసినవి. ఆ పిమ్మట వచ్చిన యాత్రికులు చూచి, ఇది మనుష్యుడు ఎరుగని అడవి యని వ్రాసిరి.

ఈ విషయము వట్టి పాండిత్యమునకు సంబంధించినదైనచో ఇన్ని పుటలు నింపియుండము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1973లో మొదలైన పులుల పరిరక్షణ పథకము ఎన్నో మృగములను కాపాడినవి. అందుకు మనము కృతజ్ఞులము. కాని ఆ విధానము చాలకాలము మనుష్యులు లేని అడవియే మంచి అడవి యను తలంపుపై నడచినది. నల్లమలలో చెంచు పెంటలను వెలుపలికి తరలింపవలెనను ఆలోచనలు పలుమారులు వచ్చినవి. తరలిన చెంచు కుటుంబమునకు ఇల్లును, సొమ్మును ఇయ్యవచ్చును. ఏ వాగు ఒడ్డున ఏ దుంప ఏ నెలలో ఊరునో, ఏ చెట్టు బంకను ఎంతవరకు తీసిన చెట్టు చావదో ఎరిగిన జ్ఞానము రోడ్డు ప్రక్క కాలనీలో రెండవ తరమునకు మిగులదు. ఆ జ్ఞానము తెలుగులోనే ఉన్నదని ముందే చెప్పితిమి. మన నిఘంటువులకు ఎక్కని చెట్ల పేర్లు, పురుగుల పేర్లు, తేనె రకముల పేర్లు వారి నోట కలవు. పరభాషా ప్రాంతమున పిల్లలకు తెలుగు నేర్పుటకు మనము పడు పాట్లను తలచుకొన్నచో, ఒక భాషలో ఒక్కొక్క మాట పోవుట ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము ఈ తలంపును కొంత సవరించినది. తరతరములుగా అడవిలో ఉన్నవారికి అచ్చట ఉండుటకును, సేకరించుటకును, అడవిని కాపాడుకొనుటకును హక్కు కలదని అది చెప్పినది. బిళిగిరి కొండలను 2011 జనవరిలో పులుల అభయారణ్యముగా ప్రకటించిరి. అదే సంవత్సరమున సోలిగల గ్రామసభలకు సామూహిక హక్కుపత్రములు లభించెను. దేశమున పులుల అభయారణ్యము లోపల అట్టి హక్కు పొందిన మొదటివారిలో వారొకరు. భార్గవి నది ఒడ్డున వారు పూజించు ముదుసలి సంపెంగ వృక్షము, 'దొడ్డ సంపిగె', నేటికిని నిలిచియున్నది. తరగు బెంకికి మాత్రము నేటికిని సెలవు లేదు.

మా పాఠశాల విద్యార్థులకు ఈ వేసవి సెలవులలో ఒక పని ఒప్పగించుచున్నాము. తమ ఊరిలోనో, అమ్మమ్మగారి ఊరిలోనో ఉన్న పాత చెట్లలో పదింటిని ఎన్నుకొని ఒక నోటుపుస్తకమున వ్రాయవలెను. చెట్టు పేరు తెలుగునను, కన్నడమునను ఉండవలెను. దానిని ఎవరు నాటిరి, లేక నరుకక విడిచిరి; కాయ, ఆకు, బెరడు దేనికి వాడుదురు; ఎవరైనను దానికి మ్రొక్కుదురా; దాని పిల్లచెట్లు చుట్టుపట్ల మొలచుచున్నవా అను సంగతులను వృద్ధులను అడిగి తెలిసికొనవలెను. పుస్తకములోని పేరును, అవ్వ చెప్పిన పేరును వేరైనచో అవ్వ చెప్పిన పేరునే ముందు వ్రాయవలెను. పాఠశాల తెరచిన వారమున పుస్తకములను సైన్సు ఉపాధ్యాయులకు అప్పగింపవలెను. అవి గ్రంథాలయమున బీరువాలో ఉంచబడును.